గణిత పండగల టేబుల్ క్యాలెండర్ 2026: తేదీలు వేశారు, లెక్క చెప్పలేదు

ముందే చెప్పేస్తున్నా, మూడు స్టార్లు. 3.14 స్టార్లు ఇవ్వాలని ఉందనే జోకు ఇలాంటి వస్తువుల రివ్యూల్లో ఇప్పటికే అరిగిపోయింది కాబట్టి దాని జోలికి పోను. వస్తువు చెడ్డది కాదు. కాగితం మందంగా ఉంది, బొమ్మలు సరదాగా ఉన్నాయి, నా టేబుల్ దగ్గరికి వచ్చినవాళ్ళలో దీన్ని చేతిలోకి తీసుకుని నాలుగు పేజీలు తిప్పకుండా వెళ్ళినవాళ్ళు తక్కువ. కానీ గణితం పేరు చెప్పి అమ్మే క్యాలెండర్‌లో తేదీ చుట్టూ ఎర్ర గుండ్రం గీసి, పక్కన పేరు రాసి, ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్క లైన్‌లో తేల్చేసి చేతులు దులుపుకుంటే ఎలా? మజా అంతా ఆ ‘ఎందుకు’లోనే ఉంది కదా.

ఈ పండగల సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త. తేదీని అంకెల్లో రాసినప్పుడు అది ఏదో ఒక పేరున్న సంఖ్యలాగానో, ఒక చిన్న లెక్కలాగానో కనిపిస్తే గణితం ఇష్టపడేవాళ్ళు ఆ రోజుని పండగ చేసేసుకుంటారు. సెలవు ఉండదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్చి 14ని 3/14 అని రాస్తే, వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే పై (π) అనే సంఖ్యలోని మొదటి మూడు అంకెలు కనిపిస్తాయి, అదే పై డే. జులై 22ని 22/7 అని రాస్తే స్కూల్లో మనందరం వాడిన భిన్నం. జూన్ 28 అయితే 6.28, అంటే రెండు పైలు. ఇలా ఏడాది పొడవునా బోలెడు ఉన్నాయి. ఈ క్యాలెండర్ నెలకో పేజీ చొప్పున వాటన్నిటినీ ఏరి పెట్టింది, ప్రతి పేజీ వెనక వివరణ కోసం కొంత చోటు వదిలింది. ఆలోచన నిజంగా మంచిది. నేను కొన్నదీ ఆ వెనక పేజీల ఆశతోనే.

మొదటి గొడవ తేదీ రాసే పద్ధతితో. అమెరికాలో నెల ముందు రాస్తారు, ప్రపంచంలో చాలా దేశాల్లో రోజు ముందు రాస్తారు. ఈ పండగల్లో సగం మొదటి పద్ధతిలోనే పనిచేస్తాయి, కొన్ని రెండో పద్ధతిలోనే పనిచేస్తాయి, బహు కొద్ది మాత్రం రెండింట్లోనూ నిలబడతాయి. ఏది ఏ రకమో ఈ క్యాలెండర్ ఎక్కడా చెప్పదు. మార్చి పేజీలో 3/14 అని ఉంటుంది, జులై పేజీలో 22/7 అని ఉంటుంది, మధ్యలో పద్ధతి మారిందన్న మాటే లేదు. కొత్తగా చూసే పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. మా ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే, “అక్కడ నెల ముందుంది, ఇక్కడ రోజు ముందుంది, ఎవరికి తోచినట్టు వాళ్ళు తిప్పుకుంటారా?” అని. నిజం చెప్పాలంటే అవును, తిప్పుకుంటారు. అందులో తప్పేం లేదు, ఆటే అది. కాకపోతే ఆట నియమం ఏమిటో పక్కన రాసి ఉండాల్సింది.

పైగా ఇందులో ఒక ముచ్చటైన సంగతి ఉంది, అది కూడా వదిలేశారు. రోజు ముందు రాసేవాళ్ళకి పై డే ఎందుకు లేదో ఆలోచించారా? 3/14 అంటే పద్నాలుగో నెల మూడో తారీఖు, అలాంటి నెల లేదు. సరే, 31/4 అని విడగొడదామంటే ఏప్రిల్‌కి ముప్పై రోజులే. రెండు తలుపులూ మూసుకుపోయాయి. అందుకే రోజు ముందు రాసేవాళ్ళకి జులై 22 గట్టి ఆసరా. ఇంత చక్కటి ఇరకాటాన్ని రెండు వాక్యాల్లో చెప్పొచ్చు, కానీ ఆ చోటులో వీళ్ళు గాగుల్స్ పెట్టుకున్న పై గుర్తు బొమ్మ వేశారు.

మార్చి పేజీకి వద్దాం. ఇది బాగా ఖర్చుపెట్టి చేసిన పేజీ, అట్ట మీద కూడా ఇదే బొమ్మ. పై డేని 1988లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియంలో లారీ షా అనే భౌతిక శాస్త్రవేత్త మొదలుపెట్టాడని సరిగ్గానే రాశారు. ఇంగ్లీషులో పై అనే తినుబండారం ఒకటి ఉండటం, అది గుండ్రంగా ఉండటం ఆయనకి కలిసొచ్చింది, మ్యూజియం వాళ్ళు గుండ్రంగా ఊరేగింపులా నడిచి దాన్ని తిన్నారు. 2009లో అమెరికా ప్రతినిధుల సభ దీనికి మద్దతుగా తీర్మానం చేసింది. 2019లో యునెస్కో ఇదే మార్చి 14ని అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది, 2020 నుంచి జరుపుతున్నారు. అంటే ఒక మ్యూజియం సిబ్బంది సరదా ముప్పై ఏళ్ళు దాటేసరికి ఐక్యరాజ్య సమితి దాకా వెళ్ళింది, అదీ నెల ముందు రాసే పద్ధతినే మోసుకుంటూ. ఇందులో యునెస్కో సంగతి క్యాలెండర్‌లో లేదు. దానికి బదులు పేజీలో ఓ పావు వంతు ఐన్‌స్టీన్ ఫొటో ఉంది, ఆయన పుట్టింది 1879 మార్చి 14న కాబట్టి. అది కాకతాళీయం. దాంట్లో లెక్కా లేదు, చమత్కారమూ లేదు. ఆ చోటులో 2015 మార్చి 14 గురించి రాసుంటే ఎంత బాగుండేది! ఆ రోజు ఉదయం 9 గంటల 26 నిమిషాల 53 సెకన్లకి తేదీని, సమయాన్ని వరసగా రాస్తే 3.141592653 వచ్చింది. పైకి పెట్టిన ముహూర్తం అది, ఏడాదిని రెండంకెల్లో రాసుకుంటే నూరేళ్ళకోసారి వస్తుంది.

జులై పేజీ దగ్గర నాకు ఒళ్ళు మండింది. “పై విలువ 22/7 కాబట్టి ఈ రోజు పండగ” అని అచ్చు వేశారు. పై విలువ 22/7 కాదు బాబూ. దగ్గరి విలువ. పైని ఏ రెండు పూర్ణాంకాల భిన్నంగానూ రాయలేం, అందుకే దాన్ని కరణీయ సంఖ్య అంటారు, దశాంశ స్థానాలు ఆగకుండా, ఒకే ముక్క తిరిగి తిరిగి రాకుండా పోతూనే ఉంటాయి. ఇది స్కూలు పుస్తకంలో ఉన్న విషయం. ఆ పండగ పేరులోనే ‘దగ్గరి విలువ’ అన్న మాట ఉంది, దాన్ని పై ఉజ్జాయింపు దినం అంటారు, పేరు సరిగ్గా వేసి కింద వివరణ తప్పు వేశారు. ఇంకో తమాషా ఏమిటంటే ఉజ్జాయింపు అని పేరు పడ్డ 22/7, అసలు పండగ అని పేరు పడ్డ 3.14 కంటే అసలు విలువకి దగ్గరగా ఉంటుంది. 22ని 7తో భాగిస్తే 3.142857 వస్తుంది, పై కంటే సుమారు 0.00126 ఎక్కువ. 3.14 అయితే పై కంటే సుమారు 0.00159 తక్కువ. తేడా చిన్నదే, కానీ గెలిచింది జులైయే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ పై అనేది 22/7 కంటే తక్కువ, 223/71 కంటే ఎక్కువ అని నిరూపించి పెట్టాడు, అదీ 96 భుజాల బహుభుజి గీసుకుని లెక్కేసి. అంటే ఇది ఉజ్జాయింపని అప్పటికే తెలుసు, 2026లో క్యాలెండర్ వేసేవాళ్ళకి తెలియకపోతే ఎలా.

ఈ తప్పు గురించి అమ్మినవాళ్ళకి మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబొచ్చింది. ఎంత విలువో చెప్పలేదు.

డిసెంబర్ 21 చూసి మాత్రం సంతోషం వేసింది, ఎందుకంటే ఇది చాలామందికి తెలియని పండగ. లీపు కాని ఏడాదిలో డిసెంబర్ 21 అంటే 355వ రోజు. ఆ రోజు మధ్యాహ్నం 1 గంట 13 నిమిషాలకి జరుపుకోవాలి, ఎందుకంటే 355/113 అనే భిన్నం పైకి ఆరు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది. అయిదో శతాబ్దంలో చైనాలో జూ చోంగ్జీ అనే ఆయన కనిపెట్టిన విలువ ఇది. దీన్ని పెట్టినందుకు క్యాలెండర్‌కి ఒక పూర్తి స్టార్ రాసుకోండి. అలాగే నవంబర్ 10, ఏడాదిలో 314వ రోజు, అది కూడా ఉంది. ఈ రెండూ రోజు ముందా నెల ముందా అన్న గొడవే లేని పండగలు. లీపు ఏడాదిలో ఒక రోజు ముందే వస్తాయి, అంతే. ఆ మాట కూడా రాయలేదనుకోండి, 2026 లీపు ఏడాది కాదు కాబట్టి బతికిపోయారు.

జూన్ 28, టౌ డే. వృత్తానికి చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే పై వస్తుంది, వ్యాసార్థంతో భాగిస్తే 6.28 చిల్లర వస్తుంది, ఆ రెండో సంఖ్యకి టౌ అని పేరు పెట్టి ఇదే అసలు సిసలైన వృత్త స్థిరాంకం అని వాదించేవాళ్ళ పండగ ఇది. 2001లో బాబ్ పాలే అనే గణితవేత్త పైని తప్పుపడుతూ ఒక వ్యాసం రాశాడు, 2010లో మైకేల్ హార్ట్ల్ టౌ తరఫున ఏకంగా ప్రణాళికే ప్రకటించాడు. వాళ్ళ వాదన తీసిపారేయదగ్గది కాదు. ఒక పూర్తి చుట్టు తిరిగితే ఒక టౌ, సగం తిరిగితే సగం టౌ, పావు తిరిగితే పావు టౌ. అదే పైతో అయితే పూర్తి చుట్టుకి రెండు పైలు, పావు చుట్టుకి సగం పై, ట్రిగనామెట్రీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు తడబడేది సరిగ్గా ఇక్కడే. క్యాలెండర్‌లో ఇదంతా క్లుప్తంగానే అయినా చక్కగా చెప్పారు, గుండ్రాన్ని ముక్కలు చేసి చూపించిన బొమ్మ కూడా అర్థమయ్యేలా ఉంది. మొత్తం పన్నెండు పేజీల్లోకి నాకు నచ్చిన వివరణ ఇదే. ఒక్కటి కలిపి ఉంటే ఇంకా బాగుండేది. 499లో ఆర్యభటుడు ఆర్యభటీయంలో ఇచ్చిన లెక్క ఏమిటంటే, వంద మీద నాలుగు, దాన్ని ఎనిమిదితో గుణించి, అరవై రెండు వేలు కలిపితే ఇరవై వేల వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత వస్తుంది, ఉజ్జాయింపుగా. వేసి చూడండి, 62832. దాన్ని 20000తో భాగిస్తే 3.1416. అదే వృత్తం వ్యాసార్థం 10000 కదా, దాంతో భాగిస్తే 6.2832. అంటే టౌ అంకెలు ఆయన శ్లోకంలోనే నేరుగా కూర్చుని ఉన్నాయి, భాగహారం చెయ్యాల్సిన పని కూడా లేదు, చుక్క పెట్టుకుంటే చాలు. పైగా ఉజ్జాయింపు అన్న సంగతి ఆయన దాచలేదు, ‘ఆసన్న’ అని స్పష్టంగా అన్నాడు. జులై పేజీ రాసినవాళ్ళకి ఈ శ్లోకం పంపాలి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఈ పండగల్లో రెండు జాతులున్నాయి. ఒకటి, అంకెలు చూడ్డానికి పోలి ఉండే రకం. 3/14 అలాంటిదే, ఫిబ్రవరి 7న వచ్చే, e అని రాసే ఆయిలర్ సంఖ్య పండగ అలాంటిదే (2.7 తర్వాత ఇంకా చాలా ఉంది, రెండంకెలు దొరికితే చాలనుకున్నారు). రెండోది, తేదీయే లెక్క చేసే రకం. అంటే రోజు, నెల, ఏడాది ఈ మూడింటి మధ్య నిజంగా ఒక గణిత సంబంధం ఉంటుంది. నా దృష్టిలో ఈ రెండో జాతి మీదే ఇలాంటి క్యాలెండర్ నిలబడాలి, ఎందుకంటే మొదటి జాతి పండగలు ప్రతి ఏడాదీ అదే తేదీకి వస్తాయి, వాటికోసం ఏటా కొత్త క్యాలెండర్ కొనక్కర్లేదు. వీళ్ళు మాత్రం మొదటి జాతికి పెద్ద బొమ్మలు, రెండో జాతికి చీమ తలకాయంత అక్షరాలు ఇచ్చారు.

ఉదాహరణకి అక్టోబర్ 24. చిన్న త్రిభుజం బొమ్మ, పక్కన “పైథాగరస్ సిద్ధాంత దినం” అని ఉంది, వెనక పేజీలో దాని ఊసే లేదు. వెనక పేజీ అంతా అక్టోబర్ 23 మోల్ డేకి పోయింది, దాని సంగతి తర్వాత. 24/10/26. పది వర్గం వంద, ఇరవై నాలుగు వర్గం అయిదు వందల డెబ్భై ఆరు, రెండూ కలిపితే ఆరు వందల డెబ్భై ఆరు, అది సరిగ్గా ఇరవై ఆరు వర్గం. అంటే రోజు, నెల లంబకోణ త్రిభుజం భుజాలు, ఏడాది దాని కర్ణం. ఇరవై నాలుగో నెల లేదు కాబట్టి రోజు ముందు రాసినా నెల ముందు రాసినా తేదీ మారదు, రెండు లోకాలవాళ్ళకీ ఒకే రోజు పండగ. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతిది ఎప్పుడో కాగితం పెన్ను తీసుకుని లెక్కేశాను. నెల పన్నెండు దాటదు, రోజు ముప్పై ఒకటి దాటదు, కాబట్టి కర్ణం ముప్పై మూడు దాటే అవకాశమే లేదు. 27, 28 లకి పూర్ణాంకాల లంబకోణ త్రిభుజం లేదు. 29కి 20, 21 ఉన్నాయి కానీ రెండూ నెల కాలేవు. 30కి 18, 24, అవీ అంతే. 31, 32, 33 లకి అసలు లేవు. అంటే 2026 అక్టోబర్ 24 ఈ శతాబ్దంలో చివరి పైథాగరస్ తేదీ! మళ్ళీ 3/4/05 రావాలి, అది 2105లో. ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇంకో పైథాగరస్ తేదీని చూడరు. 2026 క్యాలెండర్ అట్ట మీద వెయ్యాల్సిన తేదీ ఇది. దీన్ని వేలిగోరంత బొమ్మతో సరిపెట్టేశారు. తేదీల పట్టిక ఎవరో ఒకచోటి నుంచి దింపుకుని ఇందులో అతికించారు తప్ప ఒక్కసారైనా లెక్కేసి చూసుకోలేదని నా అనుమానం.

వర్గమూల దినం సంగతీ అంతే. రోజు, నెల రెండూ ఏడాదిలోని చివరి రెండంకెల వర్గమూలం అయితే అది వర్గమూల దినం. కిందటేడాది 5/5/25 అలా వచ్చిందే. కాలిఫోర్నియాలో రాన్ గార్డన్ అనే టీచర్ 9/9/81న మొదలుపెట్టిన సరదా ఇది, శతాబ్దానికి తొమ్మిదే వస్తాయి. ఇది 2026లో లేదు కాబట్టి క్యాలెండర్‌లో లేకపోవడం తప్పు కాదు, చివరి పేజీలో “రాబోయే ఏళ్ళలో” అని ఒక పట్టీ ఉంది, అందులో 6/6/36 వేశారు. ఎందుకు ఇంత దూరం అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఎంత అందమైన జవాబుందో చూడండి. 01, 04, 09, 16, 25, 36. మధ్య ఎడం మూడేళ్ళు, అయిదేళ్ళు, ఏడేళ్ళు, తొమ్మిదేళ్ళు, పదకొండేళ్ళు. వరుస వర్గాల మధ్య తేడాలు బేసి సంఖ్యలు, పండగకీ పండగకీ మధ్య మనం ఎదురుచూసే కాలంలోనే ఆ సూత్రం కనిపిస్తుంది. పిల్లలకి బీజగణితం అక్కర్లేకుండా చూపించొచ్చు. ఒక్క లైను చాలు కదా దీనికి, ఆ లైను లేదు.

నవంబర్ 23, ఫిబొనాచి డే. నెల ముందు రాస్తే 11/23, అంటే 1, 1, 2, 3, ముందున్న రెండూ కలిపితే తర్వాతది. పోలికల రకమే కానీ ఇందులో కాస్త ఊపిరి ఉంది, ఎందుకంటే అంకెల మధ్య సంబంధం తేదీలోనే కనిపిస్తుంది. రోజు ముందు రాసేవాళ్ళకి 2035లో రెండుసార్లు వస్తుంది, 11/2/35 ఒకటి, 1/12/35 ఇంకోటి, రెండూ 1, 1, 2, 3, 5. ఇవి పట్టీలో లేవు, మీరే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. వివరణలో 1202లో ఫిబొనాచిగా పేరుపడ్డ పీసా లియొనార్డో రాసిన పుస్తకం, కుందేళ్ళ లెక్క, పొద్దుతిరుగుడు పువ్వు, అందరూ చెప్పేదే చెప్పారు. ఛందస్సు గురించి ఒక్క ముక్క లేదు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, మూడు మాత్రల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చు అంటే మూడు, నాలుగు మాత్రల్ని అయిదు రకాలుగా, అయిదు మాత్రల్ని ఎనిమిది రకాలుగా. అదే వరస. విరహాంకుడు, హేమచంద్రుడు అనే మన పాతకాలం పండితులు లియొనార్డో కంటే ముందే దీన్ని ఛందస్సు కోసం లెక్కగట్టి పెట్టారు. కుందేళ్ళ కంటే ఇది వివరించడం తేలిక కూడా, కుందేళ్ళ లెక్కలో ఒక్క కుందేలూ చచ్చిపోకూడదు, అది ఎవరు నమ్ముతారు.

మిగతావి గబగబా. మోల్ డే, అక్టోబర్ 23, ఉదయం 6:02 నుంచి సాయంత్రం 6:02 దాకా, ఒక మోల్ పదార్థంలో ఉండే కణాల లెక్క, అంటే అవొగాడ్రో సంఖ్య, 6.02 గుణించు 10కి 23వ ఘాతం కాబట్టి. ఇది కెమిస్ట్రీవాళ్ళది, గణిత క్యాలెండర్‌లో ఓ మూల ఉంటే చాలు, వీళ్ళు పేజీ అంతా రాసిచ్చేశారు (మోల్ అంటే ఇంగ్లీషులో నేలలో తవ్వుకునే ఓ జంతువు కూడా, దాని బొమ్మ ముద్దుగా ఉంటుందని కాబోలు). సెప్టెంబర్ 13 ప్రోగ్రామర్ల దినం, ఏడాదిలో 256వ రోజు, 256 అంటే రెండుకి ఎనిమిదో ఘాతం, రష్యాలో ఇది 2009 నుంచి అధికారిక దినం. ఈసారి ఆదివారం వచ్చింది పాపం. జులై 17 పసుపు పందుల దినం కూడా వేశారు, 17 అనే సంఖ్య మీద మోజుతో మైకేల్ స్పివాక్, డేవిడ్ కెల్లీ అనే ఇద్దరు గణితవేత్తలు పుట్టించిన వెర్రి అది. దీన్ని ఎందుకు జరుపుకుంటారని అడగకూడదు, అదే దాని అందం, బొమ్మ కూడా అదిరింది.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన తేదీ చమత్కారం ఇందులో లేకపోవడం మింగుడు పడలేదు. అక్టోబర్ 31 సమానం డిసెంబర్ 25. ఇంగ్లీషులో అక్టోబర్‌ని కుదించి రాసే మూడక్షరాలే ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టే పద్ధతికీ కుదింపు, డిసెంబర్ మూడక్షరాలే మనం మామూలుగా వాడే పది ఆధార పద్ధతికీ కుదింపు. ఎనిమిది ఆధార పద్ధతిలో 31 అంటే మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు, ఒకటి, మొత్తం 25. కాబట్టి హాలోవీనూ క్రిస్మసూ ఒకటే. కంప్యూటర్ వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్న జోకు ఇది, ఇంకా పాతబడలేదు. రెండు పేజీలకి సరిపడా సరుకు, రెండింట్లోనూ వదిలేశారు.

వస్తువు గురించి. స్పైరల్ బైండింగ్ గట్టిగా ఉంది, పేజీలు తిప్పేటప్పుడు చిక్కుకోవు. స్టాండు అట్ట కాస్త పలచన, ఫ్యాన్ గట్టిగా తిరిగితే వెనక్కి వాలుతుంది, దేనికైనా ఆనించి పెట్టాలి. కాగితానికి మెరుపు పూత వేశారు కాబట్టి మామూలు బాల్ పెన్ను జారుతుంది, జెల్ పెన్ను అలుక్కుపోతుంది, పెన్సిల్ అయితే కనపడీ కనపడనట్టు. గణితం క్యాలెండర్ మీద లెక్క వేసుకోలేకపోవడం ఏం బాగుంటుంది చెప్పండి. ప్రతి పేజీ అంచు చుట్టూ పై అంకెలు సన్నగా పరిచారు, అది మాత్రం చక్కటి పని, మా ఇంట్లో పిల్ల వాటిని బట్టీ పడుతోంది. 762వ స్థానం నుంచి వరసగా ఆరు తొమ్మిదులు వస్తాయి, అది ఏ పేజీలో ఉందో వెతకండి అని పిల్లలకి పని పెట్టండి, ఓ సాయంత్రం హాయిగా గడిచిపోతుంది.

ఎవరు కొనొచ్చు? లెక్కల టీచర్లు తప్పకుండా, ఎందుకంటే తప్పులు దిద్దడం వాళ్ళకి అలవాటే, పైగా క్లాసులో “దీంట్లో తప్పెక్కడుందో చెప్పండి” అని జులై పేజీ చూపించొచ్చు. గణితం అంటే భయపడే పిల్లలున్న ఇంట్లో కూడా పనికొస్తుంది, బొమ్మల వల్ల చేతిలోకి తీసుకుంటారు, అడుగుతారు, అడిగినప్పుడు చెప్పడానికి పక్కన ఎవరో ఒకరు ఉండాలి, అంతే. ఒంటరిగా పిల్లల చేతికిచ్చి వదిలేస్తే మాత్రం తేదీలు తప్ప ఏమీ అంటవు. గణితం బాగా తెలిసినవాళ్ళకి బహుమతిగా ఇవ్వకండి, మిమ్మల్ని కూర్చోబెట్టి తప్పులన్నీ చదివి వినిపిస్తారు.

వచ్చే ఏడాది ఎడిషన్ కోసం ఆగుదామా అని అడిగేవాళ్ళకి: తేదీ లెక్క చేసే రకం మీకు ఇష్టమైతే 2026దే కొనండి. 2027లో పైథాగరస్ లేదు, వర్గమూలం లేదు, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఎనిమిదంకెల తేదీ కూడా లేదు (అది రోజు ముందు రాసే పద్ధతిలో 03/02/2030న వస్తుంది). 2027కి మిగిలే మంచిది 3/9/27, మూడింతలు మూడింతలుగా పెరిగే గుణశ్రేఢి, మూడుని తొమ్మిదితో గుణించినా ఏడాదే వస్తుంది. రోజు ముందు రాసేవాళ్ళకి అది సెప్టెంబర్ 3, నెల ముందు రాసేవాళ్ళకి మార్చి 9. ఆ ఎడిషన్‌లో ఈ రెండు తేదీలూ వేసి, తేడా ఎందుకో ఒక్క లైను రాసి, జులై వాక్యం దిద్దితే నాలుగో స్టార్ ఇస్తాను.